భీమిలిలో రెండు రోజులు: బండి పక్కన పెట్టి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

వారాంతపు విహారాల గురించి వచ్చిన ఉత్తరాల్లో ఈసారి ఎక్కువ విశాఖ పక్కనున్న భీమునిపట్నం (అదే మన భీమిలి) మీదే ఉన్నాయి. అందుకని ఈ సంచికలో వాటికే జవాబులిస్తున్నాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాం.

ప్రశ్న: భీమిలికి పదిసార్లు వెళ్లుంటాం. ప్రతిసారీ అదే వరస: బీచ్ రోడ్డు మీద కారు, ఇసుకలో ఫోటోలు, మొక్కజొన్న పొత్తులు, చీకటి పడకముందే వెనక్కి. ఈసారి శనివారం రాత్రి అక్కడే ఉండిపోదాం అనుకుంటున్నాం. పిల్లలిద్దరూ పదకొండు, ఏడేళ్ల వాళ్లు. మా అత్తగారికి 68, మోకాళ్ల నొప్పులు. బీచ్ కాకుండా రెండు రోజులు గడపడానికి అక్కడ ఏముందని మా ఆయన అడుగుతున్నారు.
– ఒక పాఠకురాలు, గాజువాక

మీరు పదిసార్లు చూసింది బీచ్‌నమ్మా, ఊరిని కాదు. కారులో ఊరు దాటడానికి ఐదు నిమిషాలు పట్టదు. అందుకే అక్కడ ఏమీ లేదనిపిస్తుంది. నడిచి చూస్తే అదే ఊరు రెండు పూటలు తింటుంది.

ముందు ఊరి పోకడ తెలుసుకోండి. తూర్పున సముద్రం, పడమర కొండ, ఉత్తరాన గోస్తనీ నది సముద్రంలో కలిసేచోటు. ఈ మూడింటి మధ్య ఏటవాలుగా దిగే వీధులే పాత భీమిలి. డచ్చివాళ్ల సమాధులు, సెయింట్ పీటర్స్ చర్చి, పాత లైట్‌హౌస్, గంటస్తంభం, పెంకుటిళ్ల వీధులు, ఏటిముఖం అన్నీ ఒకదానికొకటి నడిచిపోయే దూరంలోనే ఉంటాయి. నడకగా చూస్తే మొత్తం మూడు, నాలుగు గంటల పని. దాన్ని ఒక్క ఊపులో కానిచ్చేయాలనుకోవడం వల్లే అందరికీ తల వాచిపోతుంది. సముద్రపు గాలి చల్లగా తగులుతుంటే ఎండ తెలియదు. ఉక్కకు చెమట ఆరదు. పదకొండింటికల్లా పిల్లలు పేచీ, పెద్దవాళ్లకు కళ్లు తిరగడం. కాబట్టి పొద్దును బట్టి నడవాలి, జాబితాను బట్టి కాదు.

శనివారం పొద్దున్నే బయల్దేరకండి. ఇంట్లో భోంచేసి, మధ్యాహ్నం మూడింటికి భీమిలి చేరేలా రండి. సామాను గదిలో పడేసి, కాసేపు నడుం వాల్చి, నాలుగుంబావుకు బయటపడండి. కొండ పడమర ఉంది కాబట్టి పొద్దు అసలు కుంకే వేళ కంటే ముందే దాని చాటుకు పోతుంది. పాత వీధుల్లో ఎండ విరిగిపోతుంది. ఊళ్లో తిరగడానికి అదే వేళ.

వీధుల్లో ఏం చూడాలి? గోడలు చూడండి. పాత ఇంటి గోడ దగ్గర ఆగి, పైపూత ఎలా ఊడిందో గమనించండి. సున్నపు గోడైతే పూత పొరలుపొరలుగా లేస్తుంది, అంచులు మెత్తగా, పొడిపొడిగా ఉంటాయి, లోపల ఇటుక కనిపిస్తుంది. సిమెంటు పూసిందైతే నిట్టనిలువునా బీట తీసి, అట్టముక్కలా ఒకే పెచ్చు ఊడిపడుతుంది. సున్నపు గోడ ఉప్పుగాలి తేమను పీల్చుకుని మళ్లీ వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కుకుంటుంది. కొన్నేళ్లకు పూతతోపాటు ఇటుక కూడా చెడుతుంది. మీ పదకొండేళ్ల వాడికి ఈ తేడా ఒక్క గోడ దగ్గర చూపించి వదిలేయండి, మిగతా వీధంతా వాడే మీకు చెబుతాడు. అరుగులు, గుమ్మాలు చూడొచ్చు కానీ అవి మనుషులు కాపురముంటున్న ఇళ్లు. ఫోటో తీసేముందు అడగండి. అరుగు మీద పెద్దావిడ కూర్చుని ఉంటే కెమెరా కంటే ముందు నమస్కారం బయటికి తీయాలి.

మీ అత్తగారి సంగతి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఎక్కడం కష్టమనుకుంటాం కానీ, ఏటవాలు దిగేటప్పుడే మోకాలి చిప్ప మీద ఎక్కువ బరువు పడుతుంది. పైవీధుల్లోకి వెళ్లాలని ఆవిడ ముచ్చటపడితే మెల్లగా నడిపించి, దిగేటప్పుడు ఆటో ఎక్కించండి. అందరూ దీనికి తలకిందులుగా చేస్తారు. సముద్రం వైపు దారి దాదాపు చదునే కాబట్టి అక్కడ ఆవిడకు ఇబ్బంది ఉండదు. మడత స్టూలు ఒకటి వెంట ఉంచుకుని రెండు, మూడు వందల మీటర్లకోసారి కూర్చోబెట్టండి. ఇసుకలో నడిస్తే పొడి ఇసుక వద్దు, మడమ దిగబడి మోకాలు మెలిపడుతుంది. నీళ్లు వెనక్కి తీసినప్పుడు గట్టిపడ్డ తడి ఇసుక మీద నడిపించండి.

చర్చిని శనివారం సాయంత్రమే చూసేయండి. 1864లో ప్రతిష్ఠ జరిగిన గుడి అది, ఇప్పటికీ ప్రార్థనలు జరుగుతాయి. ఆదివారం పొద్దున ఆరాధన వేళ చెప్పులు టకటకలాడించుకుంటూ లోపలికి పోవడం మర్యాద కాదు.

ఆదివారం తెల్లారకముందే సముద్రం దగ్గర ఉండాలి. డిసెంబరు, జనవరి నెలల్లో సూర్యోదయం ఆరుంబావు, ఆరున్నర మధ్య. జూన్‌లోనైతే ఐదున్నర లోపే. ఏడింటికి సమాధుల తోట (ఎందుకు ఏడింటికో కింద ఇంకో జవాబులో చెప్పాం). ఎనిమిదింటికి టిఫిన్. ఆ తర్వాత లైట్‌హౌస్, గంటస్తంభం వైపు ఒక చుట్టు. పది దాటాక భీమిలిలో చేయాల్సిన పని ఒక్కటే, నీడపట్టున కూర్చోవడం. దాన్ని వృథా అనుకోకండి, సెలవంటే అదే. నాలుగింటికి గోస్తనీ ముఖం దగ్గరకు వెళ్లి కొంగల్ని, పడవల్ని చూసి, చీకటిపడేలోపు గదికి రండి. తిరుగు ప్రయాణం నాలుగు లోపైనా పెట్టుకోండి, లేదంటే రాత్రి ఎనిమిది దాటాకైనా పెట్టుకోండి. ఆదివారం ఐదు, ఎనిమిది మధ్య బీచ్ రోడ్డు మీద మీ కారుతో పాటు నగరమంతా ఉంటుంది.

నీళ్లు మనిషికి రెండు గంటల నడకకు లీటరు చొప్పున పట్టుకోండి. చిన్నవాడి సీసా వాడి చేతికే ఇవ్వండి, తాగింది ఎంతో తెలుస్తుంది.

ప్రశ్న: డచ్చి సమాధుల దగ్గరికి వెళ్లాం. రాళ్ల మీద ఏదో చెక్కి ఉంది కానీ ఒక్క ముక్క అర్థం కాలేదు. సరిగా కనిపించనూ లేదు. అసలు వాళ్లెవరు, భీమిలిలో ఏం చేశారు?
– డిగ్రీ విద్యార్థి, ఎంవీపీ కాలనీ

డచ్చి ఈస్టిండియా కంపెనీ 17వ శతాబ్దం నడిమిలో, గోల్కొండ సుల్తానుల ఏలుబడి నాటికే, ఇక్కడ వర్తకం మొదలుపెట్టింది. కోరమాండల్ తీరంలో వాళ్లకున్న స్థావరాల్లో ఇది ఉత్తరపు కొసన ఉన్నది. బట్టలు, బియ్యం ఎగుమతి చేసేవారు. ఆంగ్లేయులతో 1824లో కుదిరిన ఒడంబడిక ప్రకారం మరుసటేడు ఊరు ఆంగ్లేయుల చేతికి వచ్చింది. అంటే విశాఖపట్నం ఇంకా ఇంత పట్నం కాకముందే ఇక్కడ ఓడలాగేవి.

మీరు మధ్యాహ్నం వెళ్లుంటారు. అందుకే అక్షరాలు కనిపించలేదు. పడుకోబెట్టిన పలక మీద చెక్కింది చదవాలంటే వెలుగు పక్కవాటుగా, నేలబారుగా పడాలి. అప్పుడే అక్షరం అంచున సన్నటి నీడ పడి తేలుతుంది. నడినెత్తిన పొద్దుంటే నీడ ఉండదు, రాయంతా ఒకే చప్పిడి రంగులో కనిపిస్తుంది. సూర్యోదయమైన గంట, గంటన్నర లోపు వెళ్లండి. మబ్బు పట్టిన రోజైతే ఫోన్ టార్చిని రాతికి జానెడు ఎత్తులో, పక్క నుంచి పట్టుకోమని ఇంకొకరికి ఇచ్చి మీరు ఫోటో తీయండి. ఎదురుగా ఫ్లాష్ కొడితే మాత్రం మధ్యాహ్నం ఎండ పనే అదీ చేస్తుంది.

చదవడానికి డచ్చి భాష నేర్చుకోనక్కర్లేదు. సమాధి రాతలన్నీ దాదాపు ఒకే మూసలో ఉంటాయి, పది మాటలు తెలిస్తే చాలు. మొదటి మాట 'హియర్' అని ఉంటుంది: హెచ్, ఐ, ఈ, ఆర్. 'ఇక్కడ' అని అర్థం. దాని తర్వాత 'లెయిట్ బెగ్రావెన్' అంటే ఖననమై ఉన్నారు, 'రస్ట్' అంటే విశ్రమిస్తున్నారు. 'కోప్‌మన్' వర్తకుడు. దాని ముందు 'ఓపర్' చేరితే పెద్ద వర్తకుడు, 'ఒండర్' చేరితే చిన్న వర్తకుడు. ఇవి కంపెనీ ఉద్యోగపు హోదాలు, మన ఆఫీసుల్లో పై గుమాస్తా (యూడీసీ), కింది గుమాస్తా (ఎల్‌డీసీ) లాగా. 'ఓపర్‌హోఫ్ట్' అంటే ఆ స్థావరానికి అధిపతి. 'హౌస్‌వ్రౌ' భార్య, 'సోన్' కొడుకు, 'డోఖ్తర్' కూతురు. 'హెబోరెన్' పుట్టిన, 'ఓవర్‌లేడెన్' పోయిన. 'అన్నో' పక్కన ఉండే అంకె సంవత్సరం. 'ఔట్' తర్వాత అంకె వచ్చి, ఆ తర్వాత 'యారెన్' అని ఉంటే అది వయసు. నెలల పేర్లు ఇంగ్లీషుకు దగ్గరగానే ఉంటాయి.

రాత కుదురుగా ఉండదని గుర్తుంచుకోండి. ఆనాడు వర్ణక్రమం ఒక కట్టుబాటులో లేదు. ఒకే మాటను ఒక రాయి మీద ఒకలా, ఇంకో రాయి మీద ఇంకోలా చెక్కారు. యు ఉండాల్సిన చోట వి అక్షరం కనిపిస్తుంది. వరుస చివర చోటు చాలకపోతే మాటను మధ్యలో విరిచి కింది వరుసలో వేసేవారు. అలా రెండు ముక్కలైన మాటను రెండు మాటలనుకుని వెతికితే ఎక్కడా దొరకదు. పెద్ద వి, దాని రెండు చేతుల మీద ఓ, సి పెనవేసుకున్న గుర్తు ఎక్కడైనా కనిపిస్తే అది కంపెనీ ముద్ర.

పుర్రె, ఎముకలు, ఇసుక గడియారం లాంటి బొమ్మలు ఆ కాలపు ఐరోపా సమాధుల మీద మామూలే. దయ్యాల గొడవ కాదు, ఆయుష్షు అయిపోతుందని గుర్తుచేయడం అంతే. ఇటుకతో సూదిగా పైకి కట్టిన గోపురాల్లాంటివి కూడా అక్కడ చూసే ఉంటారు, వాటి మీద కూర్చోకండి, ఎక్కకండి. సున్నపు పని ఉప్పుగాలికి ఇప్పటికే గుల్లబారి ఉంటుంది. తేమతోపాటు లోపలికి పోయిన ఉప్పు ఎండకు గడ్డకట్టి, ఉబ్బి, పైపొరను లోపల్నుంచి నెడుతుంది. చెయ్యి ఆనిస్తే చాలు, పెళ్ల రాలుతుంది. అక్షరాలు తేలాలని సుద్ద రుద్దడం, నీళ్లు పోయడం, కొబ్బరిపీచుతో తోమడం ఇంకా అన్యాయం. ఒక్క ఫోటో కోసం మూడొందల ఏళ్ల అక్షరం పోతుంది. గేటుకు తాళం ఉంటే గోడ దూకొద్దు, పక్కన అడగండి.

ప్రశ్న: కారు లేదు. మేం నలుగురం ఆడవాళ్లం, ఆఫీసు స్నేహితులం. బస్సులో వెళ్లి రావడం కుదురుతుందా?
– మర్రిపాలెం

కుదరడం కాదు, అదే మేలు. రైల్వే స్టేషన్ వైపు నుంచి భీమిలికి సిటీ బస్సు 900కె ఉంది, బీచ్ రోడ్డు మీదుగానే పోతుంది. వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ పట్టుకోండి, సముద్రం ఆ పక్కనే. స్త్రీశక్తి పథకం సిటీ బస్సులకు వర్తిస్తుంది కాబట్టి, రాష్ట్రంలో నివాసం ఉన్నట్టు చూపే గుర్తింపు కార్డు ఉంటే మీ నలుగురికీ టికెట్ డబ్బు లేదు. కార్డు అసలుదే పట్టుకెళ్లండి. విజయనగరం వైపు నుంచి వచ్చేవాళ్లు హైవే మీద తగరపువలసలో దిగి బస్సో షేర్ ఆటోనో ఎక్కాలి. రాత్రి చివరి బస్సు వేళ దిగగానే కండక్టర్ని అడిగి రాసుకోండి, పండగ రోజుల్లో అటూ ఇటూ అవుతుంటాయి.

ప్రశ్న: మా వాడికి ఈత వచ్చు, మున్సిపల్ పూల్‌లో నేర్చుకున్నాడు. భీమిలిలో అలలు తక్కువ, లోతు లేదు, దిగొచ్చు అంటున్నాడు. నిజమేనా?
– ఒక తండ్రి, మధురవాడ

అలలు తక్కువగా కనిపించే చోటే దిగకూడదండీ. ఇది కాస్త వివరంగా చెప్పాలి.

అలలతో ఒడ్డుకు వచ్చిన నీరు ఎక్కడో ఒక చోట తిరిగి లోపలికి పోవాలి. ఇసుక మేటల మధ్య లోతైన సందు దొరికితే అంతా అటే పాయగా లాగుతుంది. ఆ పాయ మీద లోతు ఎక్కువ కాబట్టి అల విరగదు. అటూ ఇటూ తెల్లటి నురగ, మధ్యలో నల్లగా, నున్నగా, ప్రశాంతంగా ఉన్న నీళ్లు. తెలియనివాళ్లు సరిగ్గా అక్కడే దిగుతారు. ఒడ్డున పది నిమిషాలు నిలబడి చూస్తే గుర్తుపట్టొచ్చు: నురగ, చెత్త, బురదనీళ్లు ఒడ్డుకు రాకుండా లోపలికి జారుతుంటే అదే పాయ. ఉరవడిగా ఉన్నప్పుడు అది పోటీ ఈతగాడిని కూడా మించిపోతుంది. పూల్‌లో నేర్చుకున్న ఈత ఇక్కడ పనికిరాదు, పూల్‌లో నీళ్లు మనిషిని లాగవు.

చిక్కుకుంటే ఒడ్డుకేసి ఎదురీదడమే అందరూ చేసే తప్పు. రెండు నిమిషాల్లో ఒళ్లు అలిసిపోతుంది, ఆ అలసటే మునకకు కారణం. పాయ మనిషిని లోపలికి లాగుతుందే తప్ప కిందికి లాగదు. వెల్లకిలా తేలుతూ ఊపిరి నిలుపుకోవాలి, చెయ్యెత్తి పిలవాలి. ఓపిక ఉంటే ఒడ్డుకు సమాంతరంగా ఇరవై, ముప్పై మీటర్లు పక్కకు ఈది, నురగ కనిపించే చోటికి వచ్చాక అలతోపాటు ఒడ్డుకు రావాలి. ఒడ్డున ఉన్నవాళ్లు కాపాడదామని ఉత్త చేతులతో దూకకూడదు. తేలే వస్తువు ఏదైనా విసరండి, ఖాళీ నీళ్ల డబ్బా మూత బిగించి విసిరినా సరే. వెంటనే 112కు ఫోన్ చేయండి.

భీమిలికి సంబంధించి ఇంకోటి. గోస్తనీ ముఖం దగ్గర ఎట్టి పరిస్థితుల్లోనూ స్నానం వద్దు. అనంతగిరి కొండల్లో పుట్టి వచ్చే ఏరు అది. పోటు మీద సముద్రపు నీరు ఏట్లోకి ఎక్కుతుంది, పాటు మీద ఏటి నీరుతో కలిసి బయటికి ఒక్కసారిగా పోతుంది. మేట రోజుకో చోట ఉంటుంది. నిన్న మోకాలి లోతున్నచోట ఇవాళ నిలువు లోతు. పున్నమి, అమావాస్యలకు పోటుపాట్ల తేడా మన తీరంలో సుమారు ఒకటిన్నర మీటరు, ఆ రోజుల్లో ఉరవడి మరీ ఎక్కువ. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతుంది కాబట్టి శనివారం చూసిన వేళ ఆదివారానికి పనికిరాదు. వలలు సర్దుకుంటున్న వాళ్లను అడగండి, గడియారం చూడకుండానే చెబుతారు.

మీ వాడికి మా మాట: మోకాలి దాకా, అంతే. నైరుతి రుతుపవనాల నెలల్లో అదీ వద్దు.

ప్రశ్న: దారిలో తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు కూడా కలిపేసుకోవచ్చా? ఏ వేళకు వెళ్లాలి?
– సీతమ్మధార

రెండింటినీ ఒకే పూట పెట్టకండి. తొట్లకొండ వెళ్లేటప్పుడు, దిబ్బలు వచ్చేటప్పుడు.

తొట్లకొండ నగరం నుంచి పదహారు కిలోమీటర్ల చిల్లర, బీచ్ రోడ్డుకు ఎడమవైపు మలుపు. 1976లో నౌకాదళం చేసిన విమాన సర్వేలో బయటపడింది, తవ్వకాలు 1988 నుంచి 1993 దాకా జరిగాయి. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లనే ఆ పేరు. కొండ మీద బావి తవ్వితే నీరు పడదు కాబట్టి వాన చినుకును బండ మీద పట్టి తొట్లలోకి దింపారు. స్తూపం చూసి వచ్చేయకుండా ఆ తొట్ల అంచు దగ్గర నిలబడి నీరు ఏ వాలున వస్తుందో వెతకండి, బౌద్ధ భిక్షువులు వానకాలమంతా ఇక్కడ ఎలా గడిపారో అక్కడే తెలుస్తుంది. పైన నీడ తక్కువ. శనివారం రెండున్నరకు ఎక్కితే మాడిపోతారు, పొద్దున ఎనిమిదింటికి ఎక్కితే హాయి. అలాగైతే పైన గాజువాక వాళ్లకు చెప్పిన లెక్క మీకు మారుతుంది: పొద్దున తొట్లకొండ, పదకొండుకల్లా భీమిలి, సాయంత్రం దాకా విశ్రాంతి.

ఎర్రమట్టి దిబ్బలు భీమిలికి నాలుగైదు కిలోమీటర్ల ముందే వస్తాయి. పేరు మట్టే కానీ అది ఇసుక. వేల ఏళ్లపాటు గాలి, సముద్రమట్టపు మార్పులు పోగేసిన ఇసుక రేణువులకు ఇనుప తుప్పు పట్టి ఎర్రబారింది. ఇలాంటివి దక్షిణాసియాలో ఇంకా తమిళనాడులోనూ, శ్రీలంకలోనూ ఉన్నాయంతే. 2014లో భౌగోళిక వారసత్వ స్థలంగా గుర్తించారు, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది. ఆదివారం సాయంత్రం పొద్దువాలే వేళ రంగు బాగుంటుంది, కాకపోతే పైన చెప్పిన బీచ్ రోడ్డు రద్దీని లెక్కలో పెట్టుకోండి.

గెడ్డల్లోకి, అంటే వాననీరు కోసిన వాగుల్లోకి, దిగినప్పుడు నిట్టనిలువు గోడ కింద కూర్చోకండి. జిగురు తక్కువ ఇసుక, వాన పడి ఎండిన తర్వాత చెప్పకుండా జారుతుంది. గోడల మీద పేర్లు చెక్కడం మామూలైపోయింది. ఆ గాట్లలోంచే వాననీరు దారి చేసుకుని గోడను కోసేస్తుంది. సంచిలో మట్టి పట్టుకెళ్లడం కూడా వద్దు. లోపలికి వెళ్లేకొద్దీ ప్రతి మలుపూ ఒకేలా ఉంటుంది, దారి తప్పేవాళ్లు ఎక్కువ. సముద్రం చప్పుడు ఎటు వినిపిస్తే అటు తూర్పు.

ప్రశ్న: మన దేశంలో రెండో పురాతన మున్సిపాలిటీ భీమిలేనా? పేరు భీముడి వల్లే వచ్చిందా?
– ఉపాధ్యాయుడు, ఆనందపురం

మున్సిపాలిటీ అయింది 1861లో, అది ఖాయం. దేశంలో ఎన్నోది అనే పోటీలో చాలా ఊళ్లున్నాయి, ఏది మున్సిపాలిటీ, ఏది కార్పొరేషన్ అన్న లెక్కను బట్టి వరస మారుతుంది. పిల్లలకు సంవత్సరం చెబితే చాలు. ఇప్పుడు అది విశాఖ నగరపాలక సంస్థలో భాగం. బకాసురుణ్ని భీముడు ఇక్కడే చంపాడన్నది స్థలపురాణం. ఆ కథ చెప్పుకునే ఊళ్లు దేశంలో మరికొన్ని ఉన్నాయి.

ప్రశ్న: భీమిలిలో తాజా చేపలు కొని ఇంటికి తెచ్చుకుంటే మా ఇంట్లో ఇద్దరికి దద్దుర్లు వచ్చాయి. చేప బాగానే ఉంది, బాగానే ఉడికించాం. కారణం ఏమై ఉంటుంది? ఎప్పుడు కొనాలి, ఎలా తేవాలి?
– ఒక గృహిణి, అక్కయ్యపాలెం

కానాగంతల్లాంటి నల్లమాంసం చేపలైతే కారణం చాలావరకు వేడి. అవి చచ్చాక మంచు లేకుండా రెండు, మూడు గంటలు ఉంటే మాంసంలో హిస్టమిన్ అనే పదార్థం పేరుకుంటుంది. ఒళ్లు ఎర్రబడడం, దద్దుర్లు, తలనొప్పి దాని వల్లే. ఒకసారి పుట్టిందంటే ఎంత ఉడికించినా, వేయించినా పోదు. వాసన కూడా రాకపోవచ్చు. అందుకే తాజాదని మీరు మోసపోయారు. పొద్దున ఏడింటికి కొని, కారు డిక్కీలో పెట్టి, తొట్లకొండ చూసుకుని ఇంటికి పోతే ఇలాగే అవుతుంది. ఊపిరాడకపోవడం, నోరు వాయడం ఉంటే మాత్రం అది వేరే సంగతి, వెంటనే ఆసుపత్రికి పోవాలి.

చేపలు కొనడం ఎప్పుడూ ఇంటికి బయల్దేరే ముందు చేసే ఆఖరి పని. థర్మోకోల్ పెట్టె తీసుకెళ్లండి. కిలో చేపకు కిలో ఐసు: అడుగున ఒక పొర, చేప, మళ్లీ పైన పొర. కరిగిన నీరు పోవడానికి అడుగున చిన్న చిల్లు ఉండాలి, లేకపోతే చేప ఆ నీళ్లలో నాని మెత్తబడుతుంది. పేగులు తీయించి తెస్తే ఇంకా మంచిది.

చూసేటప్పుడు మొప్ప ఎత్తండి, ఎర్రగా ఉండాలి, ఇటుకరంగుకు తిరిగితే వదిలేయండి. కన్ను ఉబ్బి నిగనిగలాడాలి. వేలితో నొక్కితే పడ్డ సొట్ట వెంటనే లేవాలి. వంజరం ముక్కలుగా కోసిపెట్టినది కొనకండి, కన్నూ మొప్పా లేని ముక్కను పోల్చుకోవడం కష్టం, ఎదుటే కోయించుకోండి. బేరం తెలియనివాళ్లకు నెత్తళ్లు, సావళ్లు నయం. ధర తక్కువ, పోయినా పెద్ద నష్టం ఉండదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తీరంలో మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. ఆ రోజుల్లో ఇంజను లేని తెప్పల వాళ్లు పట్టేదే తాజా చేప, మిగతాది ఎక్కడినుంచో ఐసులో వచ్చిందే. ధరా ఎక్కువే. ఆ నెలల్లో వెళితే చేప మీద ఆశ పెట్టుకోకుండా తాటిముంజలు తినండి.

శాకాహారులు కూడా అడిగారు: పొద్దున చోడి అంబలి, ఉల్లిపాయ, సాయంత్రం పిడతకింద పప్పు. చలికాలమైతే తేగలు.

ప్రశ్న: ఏ నెల మంచిది? గది ముందే తీసుకోవాలా?
– ఇద్దరు, ముగ్గురు అడిగారు

డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి. అక్టోబరు, నవంబరుల్లో తుపాను హెచ్చరిక చూసుకుని మాత్రమే వెళ్లండి. 2014లో హుద్‌హుద్ వచ్చింది అక్టోబరు 12న. గది శని, ఆదివారాలకు ముందే చెప్పుకోండి. సముద్రం కనిపించే గదికి అదనంగా అడుగుతారు. మీరు పగలంతా నడవబోతున్నారు, రాత్రి ఎలాగూ సముద్రం కనబడదు. ఆ డబ్బుతో ఊళ్లోకి నడిచిపోగల గది తీసుకుని, మధ్యాహ్నం కరెంటు పోతే ఫ్యాను తిరుగుతుందో లేదో కనుక్కోండి.

ప్రశ్న: 'బిమ్లీ జ్యూట్' అనే పేరు పాత పుస్తకంలో చూశాను. ఇది మన భీమిలేనా?
– చిట్టివలస

మన భీమిలే. ఆంగ్లేయుల నోట్లో భీమునిపట్నం 'బిమ్లిపటం' అయింది, ఇక్కణ్నుంచి ఓడలెక్కిన నారకు వర్తకంలో ఆ పేరే స్థిరపడింది. నిజానికి అది జనపనార కాదు, గోగునార. గోంగూరకు దగ్గరి చుట్టం. పూత దశలో మొక్కను కోసి, కట్టలు కట్టి, నీళ్లలో పది నుంచి ఇరవై రోజులు నానేస్తారు. తొక్క కుళ్లి వదులవుతుంది, అప్పుడు కాడ మీంచి నార ఒలిచి కడిగి ఆరేస్తారు. తక్కువ నానితే నార గరుకుగా, బెరడు ముక్కలతో వస్తుంది. ఎక్కువ నానితే చేతిలోనే తెగుతుంది. మీ ఊరి జూట్ మిల్లును గోస్తనీ ఒడ్డునే ఎందుకు కట్టారో మీకు వేరే చెప్పాలా! మీరు భీమిలి వెళ్లినప్పుడు ఏటిముఖం దగ్గర నిలబడి పైకి చూడండి, ఆ నీళ్లు మీ ఊరి మీంచి వచ్చినవే.